ఫాలమూ పాలూ

ఫిబ్రవరి 3

వదినకి,

బుల్లి రాసే ఉత్తరం. అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. అన్నయ్య నడుంనొప్పి తగ్గిందా? తగ్గిందనీ చెప్పడు, తగ్గలేదనీ చెప్పడు కాబట్టి నిన్నే అడుగుతున్నాను.

ఒక మంచి వార్త. నేను పనిచేసే పశుజాతుల గుర్తింపు మండలి ఈ ఏడాది కొత్త పాడి జాతుల్ని గుర్తించబోతోంది. ఎవరైనా తరాల తరబడి పాల కోసం ఆవుల్ని ఏరి పెంచి ఉంటే, ఆ మందకి ఒక జాతిగా పేరు పెట్టి పట్టా ఇస్తారు. నేను మన మందని ప్రతిపాదించాను. నాన్న పాల శీతలకేంద్రంలో మెకానిక్కుగా పనిచేస్తూ, జీతమంతా తవుడుకి పోసి, ముప్ఫై ఏళ్లు మంచి పాలావుకి పుట్టిన కోడెనే ఆబోతుగా నిలుపుకుంటూ వచ్చాడు. ఆ ఆవులకి నాన్న పేరు పెట్టించాలని నా కోరిక. మనిషి పోయాక పేరైనా ఉండాలి కదా.

ఇప్పుడు నాకు కావలసింది మన పశువుల వర్ణన. ఒంటి రంగు, కొమ్ముల వంపు, చెవుల పొడవు, తోక కుచ్చు, గంగడోలు మడతలు, అన్నీ. దరఖాస్తులో వీటికి చాలా పేజీలున్నాయి. పాల దిగుబడికి చివర్లో ఒక గీత ఉంది, అది తర్వాత నింపుకోవచ్చు. నుదురు సంగతి నేనే రాసేశాను. నాన్నా, మన మొదటి ఆబోతూ పక్కపక్కన నిలబడ్డ ఫోటో నా బల్ల మీద ఉంది. అందులో ఆబోతు నుదుట చుక్క పెట్టినట్టు తెల్లమచ్చ కనిపిస్తుంది. 'నుదుట తెల్లమచ్చ ఉన్నవి ఉత్తమం' అని రాశాను.

మిగతావి నువ్వు రాసి పంపు. దయచేసి ఎగతాళి లేకుండా రాయి. నీ ఉత్తరాలు ఆఫీసులో పక్కవాళ్లు కూడా తొంగి చూస్తారు.

నీ మరదలు,
బుల్లి

*

ఫిబ్రవరి 11

బుల్లికి వదిన రాసేది.

ఎగతాళి లేకుండా రాయమన్నావు. ఉప్పు లేకుండా వండమన్నట్టుంది, అయినా ప్రయత్నిస్తాను.

మన ఆవుల్లో ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకటి మాడిన పెనం రంగు. ఇంకొకటి ఆ పెనం మీద పిండి ఒలికినట్టు. మనం పెంకి అని పిలిచేదానికి ఒక కొమ్ము ఆకాశాన్ని చూస్తే రెండోది నేలని చూస్తుంది. ఎదురుగా నిలబడ్డవాళ్లకి ఎటు తప్పుకోవాలో తెలీదు. చెంబు అనే ఆవుకి తోక కుచ్చే లేదు, గేటులో ఇరుక్కుని ఊడిపోయింది. మామయ్యగారు ఏ రోజైనా ఆవు మొహం చూశారా? వెనక్కి వెళ్లి కూచుని బిందె నిండిందా లేదా చూసేవారు. నిండితే దాని దూడ ఇంట్లో ఉండేది, లేకపోతే సంతకి పోయేది. నేను కాపరానికొచ్చిన కొత్తలో నన్నూ అలాగే చూశారు, నిండు బిందె మోస్తానా లేదా అని.

ఇక నుదురు. ఆ ఫోటో నేను ఏళ్ల తరబడి తుడిచినదే. ఆ తెల్లచుక్క ఆబోతుది కాదు, ముందుగది గోడ చెమ్మది. మీ అన్నయ్యని అడిగితే 'దానికి మచ్చా గిచ్చా లేదు' అన్నారు. ఒక్క ఊపిరిలో అన్ని మాటలు మాట్లాడారంటే ఎంత నిజమో చూసుకో. అదే ఫోటోలో మామయ్యగారి చెవి మీద కూడా అలాంటి చుక్క ఒకటుంది. కావాలంటే మీ వంశ లక్షణమని అదీ రాసుకో.

పాడి జాతికి పాల సంగతి రాయడానికి ఒకే ఒక్క గీతా? చెవులు పితికి పాలు తీసేవాళ్లు మీ ఆఫీసులో ఎవరైనా ఉంటే చెప్పు, జీతమిచ్చి పెట్టుకుంటాను.

ఇక్కడి కబుర్లు పెద్దగా లేవు. అమ్మాయి టైపు నేర్చుకుంటోంది. అల్లుడు మొన్న గేటు విరగ్గొట్టాడు. ఏ పనీ చెయ్యడు, రెండు పూటలా కడుపు నిండా మేపాలి, అయినా వాడు నడిచొస్తుంటే అందరం పక్కకి తప్పుకుని నిలబడాలి. ఏం చేస్తాం, మన ఖర్మ.

నీ వదిన

*

ఫిబ్రవరి 20

వదినా,

నీ ఉత్తరం చదివి నా మనసుకి చాలా కష్టం కలిగింది. అమ్మాయి పెళ్లి చేసి, అల్లుణ్ని ఇంట్లో పెట్టుకుని, గేటు విరిగాక నాకు చెబుతారా? నేను ఒక్కగానొక్క మేనత్తని. పిలిస్తే సెలవు పెట్టి రాకపోదునా? పైగా ఎలాంటివాణ్ని చూశారు. ఇవాళ గేటు విరగ్గొట్టినవాడు రేపు పిల్లనేం చేస్తాడు? అన్నయ్య మాట్లాడడు, నువ్వు ఎవరి మాటా వినవు, మధ్యలో పిల్ల బతుకు ఇలా అయింది.

ఫోటో గురించి నువ్వు రాసింది కూడా బాగాలేదు. నాన్న చంకలో కూచుని ఆ ఆబోతు నుదురు నిమిరినదాన్ని నేను. నువ్వు ఆ ఇంటికొచ్చేసరికి అది పోయి చాలా కాలమైంది. అన్నయ్యకైతే నిన్న తిన్నదేమిటో గుర్తుండదు.

సరే, అసలు సంగతి. ప్రతిపాదన మొదటి మెట్టు దాటింది. వచ్చే నెల మూడోవారంలో మండలి అధ్యక్షులవారు స్వయంగా మంద చూడటానికి వస్తున్నారు, నేనూ వెంట ఉంటాను. ఆయన పశువుల నుదుళ్ల మీద పెద్ద పరిశోధన చేసిన మనిషి. మొహం చూస్తే చాలు, ముత్తాత ఎవరో చెబుతారట. గుర్తింపు వచ్చిందంటే మన పెయ్యలకి మామూలు పెయ్యల ధరకి నాలుగింతలు పలుకుతుంది. అందుకని ఆవుల్ని శుభ్రంగా కడిగి, నుదుళ్లు కాస్త మెరుగుపెట్టి ఉంచండి. ముఖ్యంగా నుదుళ్లు. ఆయన మొదట చూసేది అవే.

పిల్లని ఒక నాలుగు రోజులు నా దగ్గరికి పంపు.

బుల్లి

*

మార్చి 6

బుల్లికి,

అమ్మాయికి పెళ్లి కాలేదు తల్లీ. అల్లుడంటే మన ఆబోతు. మీ నాన్నగారు పోయాక పగ్గాలు తెంచుకుని వాడు చేసే దర్జా చూసి నేనే ఆ పేరు పెట్టాను. నీ ఉత్తరం అమ్మాయి చేతిలో పడింది. అది చదివి, తన పెళ్లి ఆబోతుతో చేశారా అని నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంతకీ నాలుగింతలా? ఆ మాట ముందే రాస్తే నా ఎగతాళి సగం మిగిలేది కదా. నాకు ఈ జాతుల మీద ఒక్కసారిగా ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. పశువులు మేసే పాత గాడి తీయించి కొత్తది కట్టించమని మీ అన్నయ్యతో చెప్పాను. పత్తి చేలో ఉండగానే బట్టల బేరమని ఆయన చూపులోనే అనేశారు, నేను వినిపించుకోలేదు.

గోడకవతల ఇటుకబట్టీ బాబాయిగారితో కూడా చెప్పాను. ఆయనకి షోకుకి కట్టేసుకున్న నాలుగు ఆవులున్నాయి, గుర్తుందా? నాలుగింటికీ నుదుట తెల్లచుక్క. ఆ నాలుగు ఇచ్చే పాలు కలిపి పిల్లికి పోస్తే పిల్లి మళ్లీ గిన్నె వంక చూస్తుంది. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె. ఆయన నా మాట విని 'మీ ఆవులకి జాతా' అని నవ్వారు. అప్పుడే గట్టిగా అనుకున్నాను, ఇక చూసుకుందామని.

నుదుళ్ల గురించి నువ్వు రాసింది అర్థమైంది. పైకి చెప్పకూడని మాటని ఎంత నాజూగ్గా చెప్పావే. ఇన్నాళ్లు ఆఫీసులో పనిచేసినందుకు ఆ మాత్రం ఒంటబట్టింది. సెలూన్ ఆయనకి కబురు పెట్టాను. మీరు వచ్చేలోపు అందరి తలలూ చూసేస్తాడు. మీ అన్నయ్య వద్దన్నారు. ఈ ఇంట్లో ఆయన మాట ఎప్పుడు చెల్లింది గనక.

నీ వదిన

*

మార్చి 27

ప్రియమైన వదినకి,

మొన్న మీతో సరిగ్గా మాట్లాడటానికి కూడా కుదరలేదు. ఆఫీసు పని మీద వచ్చినప్పుడు చుట్టరికం కనపడకూడదు. నిన్ను 'ఏమ్మా' అని పిలిచినందుకు కోపం తెచ్చుకోకు.

వదినా, నేను ఆ పాకలో అడుగుపెట్టి ఎనిమిదేళ్లయింది. అధ్యక్షులవారు పేడ అంటుకుంటుందని గేటు దగ్గరే ఆగి, ముక్కుకి రుమాలు పెట్టుకుని, వరసగా నిలబెట్టిన ఆవుల్ని చూశారు. అన్నిటికీ ఒకే చోట, ఒకే సైజులో తెల్లమచ్చ. ఆయన రుమాలు జారిపోయింది. 'ముప్ఫై ఏళ్లు ఒక్క మనిషి పట్టుదలగా ఏరితే తప్ప ఇంత సమానత రాదు' అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగి జీపు వెనక్కి వెళ్లిపోయాను. నువ్వేమో గోడ చెమ్మ అన్నావు. ఇప్పుడేమంటావు?

నిన్న సభలో అన్నీ ఖాయమయ్యాయి. 'తెల్లమచ్చ ఉన్నవి ఉత్తమం' అని నేను రాసిన చోట, ఉత్తమం కొట్టేసి 'తప్పనిసరి' అని అధ్యక్షులవారే తమ చేత్తో రాశారు. జాతికి మనుషుల పేర్లు పెట్టకూడదట, లక్షణాన్ని బట్టి పెట్టాలట. అందుకని శ్వేతఫాల అని పెట్టారు. ఫాలమంటే నుదురు. నాన్నని దస్త్రంలో 'ఒక స్థానిక ఉత్సాహి' అని పేర్కొన్నారు. మొదట కాస్త బాధేసింది. కానీ అందరూ లేచి శ్వేతఫాల, శ్వేతఫాల అంటుంటే గొప్పగానే అనిపించింది.

జూన్‌లో సిబ్బంది వచ్చి ఒక్కొక్క ఆవుకీ చెవికి నంబరు వేసి పట్టా ఇస్తారు.

సెలూన్ ఆయన్ని పిలిపిస్తానన్నావు కదా, అన్నయ్య జుట్టు చూస్తే చెవుల మీద పడుతోంది. ఆయన వచ్చి ఏం చేసినట్టు?

నీ బుల్లి

*

ఏప్రిల్ 4

బుల్లికి,

సెలూన్ ఆయన వచ్చింది మీ అన్నయ్య కోసం కాదు.

నాటకాలవాళ్ల జుట్టు తెల్లబరిచే మందు ఉంటుందే, అది సీసాలకొద్దీ తెచ్చాడు. 'చుక్కలా పెట్టమంటారా, గుండ్రంగా పెట్టమంటారా' అని అడిగి, టీ కప్పు నుదుట బోర్లించి గీత గీసుకున్నాడు. ఒకే సైజు ఎలా వచ్చిందో ఇప్పుడు తెలిసిందా? పెంకి ఒక్కటే ఒప్పుకోలేదు. ఆయన మోచెయ్యి ఇంకా వాచే ఉంది. దాని మచ్చ కాస్త పక్కకి పోయింది. మీ అధ్యక్షుడు దాని ముందే ఎక్కువసేపు ఆగి 'ఎంత సహజంగా ఉందో' అన్నాడు, నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను.

మెరుగుపెట్టమని రాసింది నువ్వు, పెట్టింది నేను. అంతవరకు బాగానే ఉంది. ఆ తప్పనిసరి ఏమిటి మధ్యలో? నాలుగు డబ్బులొస్తాయని ఒక్కపూటకి వేషం వేస్తే, ఆ వేషంతోనే పుట్టాలంటారా? ఎండలు ముదిరాయి. ఆవులు పాత బొచ్చు రాల్చి కొత్తది వేసుకుంటాయి. దానితోపాటు నీ శ్వేతఫాలమూ రాలుతుంది.

పేరు సంగతి ఇంకా నవ్వొచ్చేలా ఉంది. ఫాలం చూసి పాలు కొంటారా ఎవరైనా? ఆ ఫకి కింద ఒత్తు తీసేస్తే అసలు సంగతి బయటపడేది. అంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తట్టలేదా? మామయ్యగారు ఉత్సాహియా? ముప్ఫై ఏళ్లు పేడలో మోకాళ్లు ఆన్చి కూచున్న మనిషిని పట్టుకుని ఉత్సాహి అంటే నీకు గొప్పగా అనిపించిందా?

వెళ్లి ఆ తప్పనిసరి తీయించు.

వదిన

*

ఏప్రిల్ 14

శ్రీమతి వదినగారికి,

మీ ఉత్తరం చదివిన వెంటనే చింపేశాను. మీరు కూడా దీన్ని చింపేయగలరు.

మెరుగుపెట్టడమంటే పీచుతో రుద్ది శుభ్రం చేయడమని చిన్నపిల్లలకి కూడా తెలుసు. మీకు తెలీక కాదు, నాలుగింతలు అన్న మాట తర్వాత మీకు ఇంకేదీ కనబడలేదు. నాన్న ఆవులకి సెలూన్ ఆయన చేత బొట్లు పెట్టించి, మళ్లీ నాన్నకి అవమానమైందని నన్నే అంటారా?

తప్పనిసరి తీయించమని తేలిగ్గా రాశారు. నిబంధనలు అచ్చయిపోయాయి. మన మచ్చల మీద అధ్యక్షులవారు వ్యాసం చదివితే సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇప్పుడు నేను వెళ్లి, అయ్యా, అవి టీ కప్పు మచ్చలండీ అని చెప్పాలా? ఆయన పరువు పోతుంది. ఆయన పరువు పోయే లోపల నా ఉద్యోగం పోతుంది.

సిబ్బంది వచ్చేదాకా ఏదో ఒకటి చేయండి. ఆ సెలూన్ ఆయన్ని మళ్లీ పిలవండి. ఈ వాక్యం నేను రాయలేదు.

ఇట్లు,
బుల్లి

*

జూన్ 20

బుల్లికి,

సెలూన్ ఆయన మళ్లీ రానన్నాడు. మోచెయ్యి చూపించి, మనుషుల తలలు చాలండీ అన్నాడు.

మీవాళ్లు నిన్న వచ్చారు. వరసగా నిలబెట్టాం. ఒక్కదానికీ మచ్చ లేదు, పెంకికి మాత్రం చెవి పక్కన కాస్త పసుపుపచ్చ మరక మిగిలింది. పుస్తకం చూసి, ఆవుల్ని చూసి, మళ్లీ పుస్తకం చూసి, 'ఇవి శ్వేతఫాలాలు కావు, కలగాపులగం' అన్నారు. మార్చిలో చూసిన మందని ఎక్కడ దాచారని నన్ను అడిగారు. మన పాలతో పెట్టిన టీ తాగుతూనే, ఈ పశువుల్లో పాడి లక్షణాలు లేవని రాసుకున్నారు. చిక్కటి టీ అని రెండోసారి కూడా పోయించుకున్నారు.

ఇంతలో గోడ మీంచి బాబాయిగారి ఆవులు తలలు ఎత్తి చూశాయి. అంతే. అందరూ గోడ దూకినంత పని చేశారు. నాలుగింటికీ చెవులకి నంబర్లు పడ్డాయి. లోకం మొత్తానికి శ్వేతఫాలాలంటే ఇప్పుడవే. ఆయన బట్టీ ముందు పెద్ద బోర్డు పెట్టించారు. మన పెయ్యల కోసం బయానా ఇస్తామన్న బేరగాళ్లు మన గేటు ముందునుంచే ఆయన ఇంటికి నడిచి వెళ్లారు. పాలిచ్చే ఆవునిచ్చి దున్నపోతుని తెచ్చుకున్నవాళ్లని విన్నాం గానీ, ఆవుని మన దగ్గరే ఉంచి దున్నపోతుకి కిరీటం పెట్టినవాళ్లని ఇప్పుడే చూశాను.

మచ్చ ఉందన్నది నువ్వు, పెట్టింది నేను, తప్పనిసరి చేసింది మీ అధ్యక్షుడు. లేని మచ్చకి ఇంతమందిమి తల్లులం.

సాయంత్రం మీ అన్నయ్య చెంబు దగ్గర కూచుని పాలు తీశారు. బిందె నిండాక కూడా లేవలేదు. దాని పొట్టకి తల ఆన్చి అలాగే కూచున్నారు. నాకు ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

వదిన

*

జులై 6

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

మొత్తం జాతిలో నాలుగే పశువులున్నాయి కాబట్టి, శ్వేతఫాలని అంతరించిపోతున్న జాతిగా ప్రకటించారు. పుట్టి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే అంతరించిపోతోంది. నువ్వు నవ్వుతావని తెలుసు, నవ్వుకో. దానికి సంరక్షణాధికారిగా నన్ను వేశారు. వేరే గది ఇచ్చారు, జీతం పెరిగింది.

నా మొదటి పని ఏమిటంటే, జాతి శుద్ధి చెడకుండా ఆ చుట్టుపక్కల గుర్తింపు లేని ఆబోతులన్నిటికీ విత్తులు కొట్టించాలి. చుట్టుపక్కల ఉన్నది ఒక్క అల్లుడే. ఆదేశం విడిగా పోస్టులో వస్తుంది. కింద సంతకం నాది. నేను పెట్టకపోతే పక్క గదిలో ఆయన పెట్టేవాడు, ఆయనైతే ఆవులకి కూడా రాసేవాడు.

అల్లుడికి ఇప్పటికే పుట్టిన కోడెదూడ ఏదైనా ఉంటే చెప్పు. వయసు చాలని వాటికి ఈ ఆదేశం వర్తించదు. నాన్న ఆబోతుల వరసలో అల్లుడు చివరివాడని నాకు తెలీక కాదు.

అన్నయ్యకి నువ్వే చెప్పు. నాకు చేతకాదు.

బుల్లి

*

జులై 15

సంరక్షణాధికారి గారికి,

ఆదేశం అందింది. నేను చెప్పక్కర్లేకుండా మీ అన్నయ్యే విప్పి చదివారు. మడత పెడుతూ, 'బుల్లి సంతకం అచ్చు నాన్నలాగే పెడుతుంది' అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. నువ్వడిగినా అడక్కపోయినా ఆ మాట నీకు చేరాలని రాస్తున్నాను.

కోడెదూడ లేదు. ఈ రెండేళ్లూ అన్నీ పెయ్యలే పుట్టాయని సంబరపడ్డాం. వాడి తర్వాత ఇక బయటి ఎద్దుల వెంట తిరగాలి. మామయ్యగారు ముప్ఫై ఏళ్లలో కట్టింది మీ కత్తికి ముప్ఫై నిమిషాలు పట్టదు.

ఇంకో వింత విను. మొన్న మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ ఇటుకబట్టీ బాబాయిగారు దొడ్డిదారిన వచ్చారు. వెనకాల పలుపు పట్టుకుని నంబరు వేసిన ఆవు. అది ఎదకొచ్చింది, అల్లుడికి దాటించాలట. నేను బోర్డు వైపు చూశాను. ఆయన తల గోక్కుని, 'పట్టా చూడటానికి వచ్చినవాళ్లకి టీ ఇవ్వాలంటే మీ ఇంటి నుంచే పాలు కొనాల్సి వస్తోందమ్మా. జాతి బోర్డుకి సరే, పొదుక్కి ఏదో ఒకటి చూసుకోవాలిగా' అన్నారు. రేపోమాపో వాడికి కత్తెర పడుతుంది, ఉన్న ఆవులన్నిటినీ తొందరగా తోలుకురండని చెప్పాను.

కత్తి తెచ్చేవాళ్లకి టీ సరిపోతుందా, భోజనం కూడా పెట్టాలా? నిబంధన ఏమిటో రాయి.

వదిన

*

ఆగస్టు 4

బుల్లీ,

నేను ఉత్తరానికి జవాబు అడిగితే నువ్వు జీపులో వచ్చావు. వచ్చినదానివి గడప తొక్కావా? పశువుల డాక్టర్ని వెంటబెట్టుకుని తిన్నగా పాకలోకి వెళ్లావు. మీ అన్నయ్య అల్లుడి పలుపు పట్టుకుని నిలబడితే కనీసం ఆయన వంక తలెత్తి చూడలేదు. ఆయనకి నువ్వు పుట్టినప్పటినుంచి చెల్లెలివి, జీపెక్కినప్పటినుంచి కాదు. జీపు బానెట్ మీద కాగితం పెట్టి ఏదో గీకి, ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయావు.

ఆ కాగితం నిన్నటినుంచి ఇంటిల్లిపాదీ చదువుతున్నాం. 'సదరు వృషభము ప్రజననాక్షమమని నిర్ధారణ అయినందున పరిసమాప్తము చేయడమైనది.' అక్షమం అంటే క్షమించరానిదని అమ్మాయి అంటోంది. వాడు చేసిన నేరమేమిటో? పరిసమాప్తం అంటే మాత్రం నాకు తెలుసు. విత్తులు కొట్టిస్తామన్నవాళ్లు ఇప్పుడు ఏకంగా చంపేస్తారా?

మీ అన్నయ్య నిన్నటినుంచి పాకలోంచి బయటికి రాలేదు. అన్నం పళ్లెం అక్కడికే పంపితే అల్లుడికి పెట్టేశారు. ఎప్పుడొస్తారో ఒక్క ముక్క రాయి. ఆ రోజు నేను ఇంట్లో ఉండను.

వదిన

*

ఆగస్టు 9

వదినా,

పరిసమాప్తం అయింది దస్త్రం, అల్లుడు కాదు. నువ్వు ఈ వాక్యం చదవగానే లేచి వెళ్లి అన్నయ్యకి చెప్పి, తర్వాత మిగతాది చదువు.

ప్రజననాక్షమం అంటే సంతానం కలిగించే శక్తి లేనిదని. అలాంటిదానికి విత్తులు కొట్టించక్కర్లేదు, దస్త్రం మూసేయవచ్చు. ఆ ఒక్క దారి తప్ప నిబంధనల్లో ఇంకో దారి నాకు దొరకలేదు. తెలుగులో రాస్తే పైవాళ్లకి అర్థమవుతుందని అలా రాశాను. మీకు కూడా అర్థం కాదని తట్టలేదు.

ఆ రోజు ఏం జరిగిందో నీకు తెలీదు, నువ్వు మధ్యలోనే వంటింట్లోకి వెళ్లి తలుపేసుకున్నావు. నేను బానెట్ మీద ఆ మాట రాస్తున్నాను. అప్పుడే దొడ్డిదారిన బాబాయిగారు ఇంకో నంబరు ఆవుని తోలుకొచ్చారు, జీపు ఆయనకి కనపడలేదు. అల్లుడు అన్నయ్య చేతిలోంచి పలుపు లాక్కుని వెళ్లాడు. నేను 'శక్తి లేదు' అని రాసేలోపు వాడి శక్తి ఎంతో అక్కడ అందరికీ తెలిసిపోయింది. నేను డాక్టరు వంక చూశాను. ఆయన చాలాసేపు అటే చూసి, తిరిగి నా కాగితం చూసి, 'మేడమ్, నేను కళ్లజోడు మార్పించుకోవాలి' అన్నారు. తర్వాత కింద సంతకం పెట్టారు.

ఇంట్లోకి ఎందుకు రాలేదని అడిగావు. వస్తే అన్నయ్య మొహం చూడాలి. చూస్తే ఏడుస్తాను. పనికిరాని ఆబోతు కోసం ఏ అధికారీ ఏడవదు వదినా, జీపు డ్రైవరుకైనా అనుమానం వస్తుంది. మచ్చ సంగతి నిజమని నమ్మి రాశాను. ఇది అబద్ధమని తెలిసే రాశాను. విచిత్రం ఏమిటంటే ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఆ కాగితం నకలు పైకి వెళ్లింది, ముద్ర పడి వచ్చింది. ఎవరూ చదివినట్టు లేరు. ఇక్కడ ఎవరూ చదవరు, ముద్ర ఉందా లేదా చూస్తారు. అయినా అల్లుణ్ని కాస్త అదుపులో పెట్టండి. పనికిరానివాడు మరీ అంత కష్టపడితే బాగుండదు.

నీ బుల్లి

*

మే 12

బుల్లికి వదిన రాసేది.

ఇక్కడందరం బాగున్నాం. పనికిరాని అల్లుడి చలవ వల్ల చుట్టుపక్కల చూడి కట్టని ఆవు ఒక్కటీ లేదు. మనకి ఒక కోడెదూడ పుట్టింది, చెంబుకి. మీ అన్నయ్య రోజూ దాని ఎముకలు తడిమి చూసి తలాడిస్తున్నారు. ఏమనుకుంటున్నారో మాత్రం చెప్పరు.

రాయాల్సిన సంగతి వేరే ఉంది. బాబాయిగారు మన దగ్గరికి తోలుకొచ్చిన నంబరు ఆవులు రెండూ మూడు వారాల తేడాలో ఈనాయి. రెండూ పెయ్యలే. ఒకదానికి మచ్చ రాలేదు. పట్టా రాదు కాబట్టి దాన్ని తలుగుతో సహా తెచ్చి మన గాడి దగ్గర కట్టేసి, 'ఇది మీదేనమ్మా, నాకు ఇబ్బంది' అన్నారు. ఇబ్బంది పడుతూనే పుచ్చుకున్నాను. రెండోదానికి మాత్రం నుదుట చక్కటి తెల్లచుక్క ఉంది. సెలూన్ ఆయన పెట్టింది కాదు, తల్లిది. పొదుగు నరాలు మాత్రం అచ్చం మన పశువులవే. రేపు అది ఈనితే బిందె నింపుతుందని మీ అన్నయ్య అన్నారు. మీ పుస్తకంలో రాసుకున్న శ్వేతఫాల అంటూ లోకంలో పుట్టిందంటే ఇదే మొదటిది. మీరు గుర్తించిన ఏడాదికి పుట్టింది, పోనీలే.

దాన్ని రిజిస్టరు చేయడానికి బాబాయిగారు కాగితం పట్టుకుని వచ్చారు. తల్లి నంబరు రాశారు. తండ్రి అన్న చోట ఆగిపోయారు. 'ఈ చుట్టుపక్కల ఉన్న ఒక్క ఆబోతూ పనికిరాదని సర్కారు ముద్ర ఉందట కదమ్మా. మరి దీనికి తండ్రి ఎవరని రాయను?' అన్నారు. గోడ అన్నాను. నవ్వలేదు ఆయన. ఖాళీగా వదిలేస్తే పట్టా రాదట, అల్లుడి పేరు రాస్తే నువ్వు జైలుకెళ్తావట.

మేమిద్దరం ఇలా తర్జనభర్జన పడుతుంటే మీ అన్నయ్య చేతులు కడుక్కుని వచ్చారు. బాబాయిగారి చేతిలోంచి పెన్ను తీసుకున్నారు. తండ్రి అన్న చోట మామయ్యగారి పేరు రాశారు, ఇంటిపేరుతో సహా, పూర్తిగా. బాబాయిగారు నోరు తెరిచారు. మీ అన్నయ్య పెన్ను మూసి, 'ఆయన కాకపోతే ఇంకెవరు' అన్నారు.

ఆ కాగితం ఈ వారంలో నీ బల్ల మీదికి వస్తుంది. మీ మండలిలో ఎవరూ చదవరన్నావు. నువ్వు మాత్రం చదువు. చదివి, ముద్ర గట్టిగా కొట్టు.

నీ వదిన